నాలుగువందల పదిహేడో నంబరు ఆవు ఆనందం

ఐర్లండ్‌లో ఇకపై ఏ ఆవూ దిగులుగా ఉండబోదని సహాయ మంత్రి మలాకీ టూమీ గారు ప్రకటించారు. ప్రకటించిన రోజు వాన. ఆవులు వానలో ఉన్నాయి, మంత్రిగారు హాల్లో ఉన్నారు. అయినా ఆ మాటలోని దయకి నాకు కళ్లు చెమర్చాయి. పెళ్లయి నాలుగు నెలలే కావడం వల్ల నాకు ఈ మధ్య ప్రతిదానికీ కళ్లు చెమరుస్తున్నాయని మావారు అంటారు. అది వేరే సంగతి.

ఈ ప్రకటన జరిగింది కిల్డేర్ కౌంటీలో, నేస్ ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలోని గ్లెన్‌బ్రాకెన్ వ్యవసాయ కళాశాలలో. అక్కడ నలభై ఆవులకి మెడలో నలభై స్మార్ట్ పట్టీలు కట్టారు. తోలు పట్టీ, దానికి సబ్బుబిళ్లంత పెట్టె. ఆవు ఎన్నిసార్లు నమిలింది, ఎన్ని అడుగులు వేసింది, ఎటు తిరిగింది, ఎక్కిందా దిగిందా, ఒళ్లు ఎంత వెచ్చగా ఉంది అన్నీ ఆ పెట్టె కనిపెట్టి కంప్యూటర్‌కి పంపుతుంది. కంప్యూటర్ అన్నీ కలిపి లెక్కగట్టి, ఆవు ఎంత సంతోషంగా ఉందో వందకి మార్కులు వేస్తుంది. దీన్ని ఆనంద సూచిక అంటారు. ఆ ప్రోగ్రామ్ రాసింది మావారు బుచ్చిబాబు. అది వాళ్ల తాతగారి పేరు. కాలేజీలో అందరూ ‘బుచ్’ అని పిలుస్తారు. ఇక్కడ అది కండలు తిరిగినవాళ్లకి పెట్టే పేరట. మావారి బరువు యాభై ఎనిమిది కిలోలు.

ఈ పట్టీల వల్ల వ్యవసాయ విద్య ఎంత ముందుకు వెళ్లిందో చెప్పాలంటే ఒక్క విషయం చాలు. ఇదివరకు విద్యార్థులు తెల్లవారకముందే బూట్లు వేసుకుని బురదలో కొట్టానికి వెళ్లేవారు. ఇప్పుడు వెచ్చని గదిలో కూర్చుని తెర చూస్తారు. మూడో సంవత్సరం విద్యార్థి ఒకరు ఆవుని ఎన్నడూ చూడకుండానే ఆవుల మీద ప్రాక్టికల్ పరీక్షలో ఫస్టు వచ్చారు. కళాశాల చరిత్రలో ఇది మొదటిసారి.

ఆవుల్ని చూసుకునే కెవిన్ మాత్రం పాతకాలం మనిషి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆవు చెవులు చూసి అది ఎలా ఉందో చెప్పేస్తాడు. ఈ పద్ధతిని పరిశోధక బృందం పరిశీలించి తిరస్కరించింది. కెవిన్ ఒక్కడే ఉన్నాడు కాబట్టి అది స్కేల్ కాదని, అంటే దేశమంతటికీ సరిపోదని నివేదికలో రాశారు.

అంతా బాగానే ఉంది. చిక్కల్లా ఒకటే, మావారి కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుంది. శనివారం మంత్రిగారు మళ్లీ వచ్చి, బటన్ నొక్కి, తెర చూసి, రెండో దశకి సరే అంటే ఇంకో రెండేళ్లు ఉద్యోగం. అనకపోతే ఉద్యోగం లేదు, దాంతో వర్క్ పర్మిట్ లేదు, మేం సామాన్లు సర్దుకోవాలి. నాకేమో ఈ దేశంలో వాన కూడా నచ్చేసింది. మా అద్దె గదికి ఎదురుగా ఉన్న గొర్రెలకి పేర్లు కూడా పెట్టాను.

తెరమీదేమో ఏ ఆవుకీ అరవై ఒకటి దాటి రావడం లేదు. డైరెక్టర్ డాక్టర్ ఫినోలా మావారిని పిలిపించారు. ఆ సంభాషణని మావారు ఇంటికొచ్చి ఇద్దరి గొంతులతోనూ వినిపించారు.

“శనివారం పదకొండింటికి తెరమీద తొంభై కనపడాలి, బుచ్.”

“ఆవులకి అరవై ఒకటే వస్తోంది, డాక్టర్.”

“నేను ఆవు గురించి అడగలేదు. తెర గురించి అడిగాను.”

“నంబర్ నంబరే కదా, డాక్టర్. నేను దిద్దలేను.”

“ఎంత మంచి గుణం! కొత్త ఉద్యోగానికి వెళ్లే ఇంటర్వ్యూల్లో ఇది తప్పకుండా చెప్పు.”

సరిగ్గా ఆ సాయంత్రమే సత్యవాణి ఆంటీ ఫోన్ చేశారు. ఆంటీ నర్సింగ్ హోమ్‌లో మేనేజర్. నేస్‌లో కొత్త హౌసింగ్ ఎస్టేట్‌లో మూడు పడగ్గదుల ఇల్లు కొన్నారు.

“ఏవమ్మా నిఖిలా, మీ ఆయన ఆవుల దగ్గర పనిచేస్తాడటగా?”

“ఆవుల సాఫ్ట్‌వేర్ ఆంటీ.”

“అదేలే. శనివారం పది నలభై రెండుకి గృహప్రవేశం. ఒక ఆవుని పంపమను.”

“ఆంటీ, మా ఆయన ఇంతవరకూ ఆవుని ముట్టుకోలేదు.”

“ముట్టుకోమన్నానా? పంపమన్నాను. పద్దెనిమిదేళ్లమ్మా ఈ దేశం వచ్చి. పదకొండు అద్దె ఇళ్లు మారాను. భానుమతి వాళ్లు వెండి ఆవుతో కానిచ్చారు. లీలారాణి వాళ్లు ఐప్యాడ్‌లో ఆవు వీడియో పెట్టి గడప దాటించారు. సగం దాటాక చార్జింగ్ అయిపోయి ఆవు గుమ్మంలో ఆగిపోయింది. నా ఇంట్లో మాత్రం నిజం ఆవే నడవాలి.”

నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. గృహప్రవేశంలో ఆవుకి పసుపు, కుంకుమ, పూలదండ, అరటిపళ్లు, బెల్లం, యాభై మంది దండాలు. ఏ ఆవుకైనా తొంభై రాకేం చేస్తుంది? నంబరు దిద్దనక్కర్లేదు, ఆవుని సంతోషపెడితే చాలు. మావారు పది నిమిషాలు ఆలోచించి, “ఇందులో అబద్ధం ఏమీ లేదు,” అన్నారు. ఆయన అలా అన్నప్పుడల్లా నాకు ఆయన్ని మళ్లీ పెళ్లి చేసుకోవాలనిపిస్తుంది.

మర్నాడు డబ్బాలో పులిహోర పట్టుకుని కెవిన్ దగ్గరికి వెళ్లాను.

“ఇంట్లోకా?” అన్నాడు కెవిన్.

“ఇంట్లోకే.”

“మేడ ఎక్కాలా?”

“వద్దు. హాలు, వంటగది చాలు.”

“అయితే గ్రాండ్. మా చెల్లెలి పెళ్లికి గాడిదని హోటల్లోకి తీసుకెళ్లాను. లిఫ్ట్ కూడా ఎక్కింది. నాలుగువందల పదిహేడుని తీసుకెళ్దాం. కెర్రీ జాతి, పొట్టిది, తలుపులో పడుతుంది.”

ఆవుని తరలించాలంటే ఫారం నింపాలి. కారణం అన్నచోట సంత, ప్రదర్శన, కబేళా, పరిశోధన అని నాలుగే ఉన్నాయి. గృహప్రవేశం లేదు. ఫినోలా గారు అరటిపళ్ల సంగతి విని, మారు మాట్లాడకుండా ‘పరిశోధన: పశువుల ఆనందంపై గృహవసతి ప్రభావం’ అని రాసి సంతకం పెట్టారు.

శనివారం పది ఇరవైకి ట్రైలర్ వచ్చి ఆంటీ ఇంటిముందు ఆగింది. నాలుగువందల పదిహేడు దిగి, వీధి అంతా ఒకసారి చూసి, పక్కింటివాళ్ల గులాబీలు రెండు తిన్నది. పక్కింటి పాప కిటికీలోంచి, “మామ్, పద్నాలుగో నంబర్ ఇంట్లోకి ఆవు దిగుతోంది,” అని కేక పెట్టింది. “ఈ రోజుల్లో ఆవులకి కూడా ఇళ్లు దొరుకుతున్నాయన్నమాట,” అని లోపల్నుంచి వాళ్లమ్మ గొంతు వినపడింది. గార్డ్స్ కారు, అంటే ఇక్కడి పోలీసు కారు, ఒకటి ఆగింది. యువ గార్డు దిగి ఆవుని చూశాడు, దండని చూశాడు, పట్టుచీరల్ని చూశాడు. ట్రైలర్‌కి ఎడమ లైటు వెలగడం లేదని చెప్పి వెళ్లిపోయాడు.

గుమ్మం దగ్గర ఆంటీ హఠాత్తుగా ఆగిపోయారు.

“ఏవిటది మెడలో? తోలా?”

“పట్టీ ఆంటీ. స్మార్ట్ పట్టీ.”

“ఏ జంతువు తోలు?”

అందరం కెవిన్ వైపు చూశాం. కెవిన్ ఆవు వైపు చూశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో తనకి ఈ ఆలోచన రాలేదని ఒప్పుకున్నాడు.

“గోమాత మెడలో ఇంకో గోమాత తోలా! తియ్యండి, తియ్యండి. ముహూర్తం మించిపోతోంది.”

కెవిన్ విప్పి నా చేతికిచ్చాడు. నాకు ఒక చేతిలో హారతి పళ్లెం, ఇంకో చేతిలో అరటిపళ్ల బుట్ట. పట్టీ కిందపడి పగిలితే ప్రాజెక్టే పోతుంది. అందుకని ఒక్క ఐదు నిమిషాల కోసం నా మెడలో వేసుకుని, ఆంటీకి కనపడకుండా పైన పమిట కప్పుకున్నాను.

తరవాత నాకు పట్టీ సంగతి గుర్తులేదు. గుర్తుండే పరిస్థితా అది! పురోహితులు వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తారు. ఆవు కుడికాలు ముందు పెట్టాలన్నారు. ముందు కుడికాలా, వెనక కుడికాలా అని కెవిన్ అడిగాడు. ఇంతవరకూ ఎవరూ అడగని ఎడ్జ్ కేస్ ఇది అని ఆయన ట్యాబ్‌లో వెతుకుతుండగానే ఆవు తనకి తోచిన కాలు పెట్టి హాల్లోకి వచ్చేసింది. సన్నాయి రికార్డు మొదలైంది. పాలు పొంగాయి, పొగ అలారం మోగింది, పది మంది కండువాలు ఊపారు. ఆంటీ కూతురు సుధేష్ణ అచ్చమైన ఐరిష్ యాసలో, “మమ్మీ, షీ ఈజ్ ఈటింగ్ ద కర్టెన్!” అని అరిచింది. “తిననీవే, మహాలక్ష్మి!” అన్నారు ఆంటీ, కళ్లు తుడుచుకుంటూ.

నేను రెండు లడ్డూలు, నాలుగు జంతికలు తిన్నాను. మూడుసార్లు మేడ ఎక్కి దిగాను. ఒకసారి చిన్నగది చూడ్డానికి, ఒకసారి పైకప్పు కిటికీలోంచి వాన చూడ్డానికి, ఒకసారి ఊరికే. ఇలాంటి ఇల్లు మాకూ ఎప్పటికైనా ఉంటే ఏ గదికి ఏ రంగు వేయాలో కూడా తేల్చేసుకున్నాను.

అప్పుడు కళాశాల హాల్లోంచి మావారి ఫోన్. గుసగుసగా, “నిఖిలా! తొంభై ఏడు! ఆవుకి ఏం పెడుతున్నారు?”

“అరటిపళ్లు, బెల్లం, కర్టెన్.”

“ఇక్కడ అంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు!”

ఆయన ఫోన్ పెట్టేయడం మర్చిపోయారు కాబట్టి మిగతాది నేను చెవులారా విన్నాను. ఇంత ఆనందానికి కారణం ఏమిటని మంత్రిగారు అడిగారు. మావారు పసుపు దగ్గర్నుంచి గుమ్మం వరకూ ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు.

“ఇంట్లో ఉందా? మనుషులుండే ఇంట్లో?” అన్నారు మంత్రిగారు.

“అవునండి. నేస్‌లో.”

“నా నియోజకవర్గంలో!” మంత్రిగారి గొంతు మైకులోకి మారింది. “గృహవసతి! పదేళ్లుగా మేం చెబుతున్నది ఇదే కదా. ఇల్లుంటే ఎవరైనా సంతోషంగా ఉంటారు. చూశారా, శాస్త్రీయంగా రుజువైంది! ఓర్లా, ఈ ఏడాది మనం ఇచ్చిన ఇళ్లలో దీన్ని కలుపు.”

“కలిపాను, మినిస్టర్,” అన్నది ఓర్లా. ఆవిడ మంత్రిగారి సలహాదారు.

“కెమెరాల్ని రమ్మను. ఆ ఆవుని కలవాలి.”

నేను పరుగున వెళ్లి, పూజ అయిపోయింది కదా అని, పట్టీ తీసి నాలుగువందల పదిహేడు మెడలో బుద్ధిగా కట్టేశాను.

పన్నెండింటికి మంత్రిగారు వచ్చారు, వెంట ఓర్లా, ఫినోలా గారు, మావారు. ఆంటీ చెప్పకముందే బూట్లు విప్పి, కుడికాలు ముందు పెట్టి గడప దాటారు. నియోజకవర్గంలో ఏ ఇంటి గడప దాటాలన్నా ఆయనకి ఒకరు నేర్పనక్కర్లేదు. మూడు కెమెరాలు వెంట వచ్చాయి. సుధేష్ణ కళాశాల తెరని హాల్లో టీవీకి కలిపింది. పెద్ద అక్షరాలతో పడింది: యాభై ఎనిమిది.

ఓర్లా ఒక్క అంగలో టీవీకి అడ్డంగా వెళ్లి చేతులు బార్లా చాపింది. “ఎంత అందమైన గోడ!” అన్నది పైకి, ఎవరిదో కండువా లాగి టీవీ మీద కప్పేస్తూ. తరవాత మావారిని వంటగదిలోకి లాక్కెళ్లింది. నేనూ, ఫినోలా గారూ వెనకాలే వెళ్లాం.

“మంత్రిగారు గుమ్మంలోకి రాగానే ఆవు ముప్పై తొమ్మిది మార్కులు పడిపోయింది. రేపు పేపర్లో ఇదే హెడ్‌లైన్. మీకు అర్థమవుతోందా?”

మావారు ఫోన్‌లో గ్రాఫు చూస్తున్నారు. మెల్లగా తల ఎత్తారు. “నిఖిలా, ఆవు మూడుసార్లు మేడ ఎక్కిందా?”

“ఆవెందుకెక్కుతుంది? నేనెక్కాను.”

“పట్టీ ఎక్కడుంది అప్పుడు?”

నేను నా మెడ చూపించాను.

ఆయన మొహం చూశాక నాకు లెక్క అర్థమైంది. రెండేళ్ల ఉద్యోగం, పర్మిట్, మా గది, ఎదురుగా గొర్రెలు, అన్నీ నా మెడ మీదుగానే పోయాయి. మావారు మాత్రం కాలరు సరిచేసుకుని ఓర్లా వైపు తిరిగారు.

“మేడమ్, నిజం చెప్పాలి. ఆ తొంభై ఏడు ఆవుది కాదు. మా ఆవిడది. మంత్రిగారికి నేనే చెబుతాను.”

ఓర్లా ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. ఇలాంటి మనిషిని ఉద్యోగంలో చేరాక మొదటిసారి చూస్తున్నట్టుంది.

“తొందరపడకండి బుచ్. పట్టీ పనిచేస్తోందా?”

“చేస్తోంది.”

“కట్టుకున్న ప్రాణి క్షీరదమేనా?”

“అది... అవుననుకోండి.”

“ఫారంలో రాసిన ఇంట్లోనే ఉందా? గృహవసతి ప్రభావం కనపడిందా?”

“కనపడింది కానీ...”

“మరి తప్పెక్కడుంది? డాక్టర్ ఫినోలా?”

“శాంపిల్ చిన్నది,” అన్నారు ఫినోలా గారు ఆలోచిస్తూ. “కానీ ఫలితం స్పష్టంగా ఉంది.”

రెండు నిమిషాల్లో పట్టీ మళ్లీ నా మెడలోకి వచ్చింది. కెవిన్ ఆవుని అడగకుండా, ఎవరినీ అడగకుండా, తనే విప్పి తెచ్చాడు. “దానికి ఎలాగూ దురదగా ఉంది,” అన్నాడు. హాల్లో మంత్రిగారు ఆవు తాడు పట్టుకుని ఫోటోలు దిగుతుంటారు, వంటగదిలో నేను సంతోషంగా ఉండాలి. ఇదీ ఏర్పాటు.

సంతోషంగా ఉండటం నాకు వెన్నతో పెట్టిన విద్య అని ఇంతకాలం అనుకున్నాను. కానీ అటుపక్క ఓర్లా ఫోన్‌లో గ్రాఫు చూసి తలుపు సందులోంచి వేళ్లతో అంకెలు చూపిస్తుంటే నాకు చెమటలు పట్టాయి. యాభై రెండు. నలభై తొమ్మిది. ఆంటీ విషయం తెలిసి పరుగెత్తుకొచ్చి నోట్లో లడ్డూ కుక్కారు. “నవ్వవే తల్లీ, నీ కాపురం దీనిమీదుంది!” అన్నారు. నలభై నాలుగు.

మావారు తలుపు వేశారు. ఓర్లా వేళ్లు కనపడకుండా పోయాయి.

“తీసెయ్ నిఖిలా. నువ్విలా ఉంటే నేను చూడలేను. వెళ్లిపోదాం.”

“మరి మీ ఉద్యోగం?”

“ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. నువ్వు అక్కడా వేటికో వాటికి పేర్లు పెడతావు. కోళ్లుంటాయి, పిల్లులుంటాయి. సాయంత్రం నేను వచ్చేసరికి వాటి కబుర్లు చెబుతావు. అంతే కదా.”

అని, బుట్టలో మిగిలిన అరటిపండు ఒలిచి, సగం నాకు పెట్టి సగం తను తిన్నారు. ఆ పండు కాస్త మగ్గిపోయింది. అంత రుచైన పండు నేను ఎప్పుడూ తినలేదు.

హాల్లో ఒక్కసారిగా ఇల్లదిరేలా చప్పట్లు, ఈలలు. తలుపు తీశాం. కండువా తీసేసిన తెరమీద తొంభై ఎనిమిది. అదే క్షణంలో నాలుగువందల పదిహేడు తోక ఎత్తి, హాలు నడిబొడ్డున, మంత్రిగారి మేజోళ్లకి జానెడు దూరంలో పేడ వేసింది. గృహప్రవేశంలో అంతకుమించిన శుభం ఉండదు కాబట్టి యాభై మంది తెలుగువాళ్లు ఆనందంతో ఊగిపోయారు. ఆంటీ ఏడ్చేశారు. పురోహితులు టెస్ట్ పాస్ అన్నారు. మంత్రిగారు ఒక్క క్షణం కింద చూశారు, ఒక్క క్షణం జనాన్ని చూశారు. ముప్పై ఏళ్ల రాజకీయ అనుభవం ఊరికే పోదు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, రెండో దశ మంజూరు చేస్తున్నట్టు అక్కడే ప్రకటించారు.

మావారి కాంట్రాక్టు రెండేళ్లు పెరిగింది. ఆయన మాత్రం ఊరుకోలేదు. నివేదిక ఆరో పేజీలో పట్టీ ఎవరి మెడలో ఎంతసేపు ఉందో నిమిషాలతో సహా రాశారు. శాఖ నుంచి జవాబు వచ్చింది. ఆరో పేజీ ఎంతో ఉపయోగకరంగా ఉందని, రెండో దశలో అలాంటి ఆవులే మరో పదకొండు కావాలని అందులో ఉంది.

నాలుగువందల పదిహేడు ఎలా ఉందని కెవిన్‌ని నిన్న అడిగాను. “వానలో ఉంది. గ్రాండ్‌గా ఉంది,” అన్నాడు. పట్టీ లేకుండా ఎలా తెలుసని అడిగితే చెవులు చూపించాడు.

ఈ ఉదయం శాఖ పత్రికా ప్రకటన విడుదల చేసింది. పాఠకుల సౌకర్యార్థం యథాతథంగా ఇస్తున్నాను.

“దేశంలోకెల్లా అత్యంత ఆనందంగా ఉన్న ఆవు కిల్డేర్ కౌంటీలో ఉన్నట్టు శాస్త్రీయంగా నిర్ధారణ అయినది. ఈ ఘనత స్మార్ట్ వ్యవసాయ పరిశోధనకు, ప్రభుత్వ గృహవసతి విధానానికి సమానంగా చెందుతుంది. డేటా గోప్యతా నిబంధనల దృష్ట్యా సదరు ఆవు పేరును, చిరునామాను, భర్త ఉద్యోగ వివరాలను వెల్లడించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము.”